బడి భద్రతయే శీలమునకు తొలిపాఠము

(ఒక పట్టణ పఠన మందిర వార్షిక సభలో చేసిన ఉపన్యాసము)



విద్యార్థుల శీలనిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మీ కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఉపన్యాసకునకు ఇది మిక్కిలి సులభమైన విషయము. పిల్లలు చెడిపోవుచున్నారనియు, గురుభక్తి నశించినదనియు, చేతిలో ఫోను తప్ప పుస్తకము కనబడుట లేదనియు గంటసేపు విచారించి, గతకాలమును పొగడి కూర్చుండవచ్చును. సభవారు చప్పట్లు కొట్టుదురు. మరునాడు బడి యథాపూర్వముగనే నడచును. అట్టి ఉపన్యాసము వలన ఒక్క పిల్లవానికిని మేలు కలుగదు. నేను న్యాయవాదిని. ఎంత గొప్ప మాట విన్నను, ఎవరు చేయవలెను, ఎప్పుడు చేయవలెను, చేయనిచో ఎవరిని అడుగవలెను అని ప్రశ్నించుట మా వృత్తి నేర్పిన అలవాటు. శీలబోధ విషయమునను ఆ మూడు ప్రశ్నలనే వేసి చూతము.

నేను చెప్పదలచినది మొదటనే చెప్పెదను. శీలము పాఠ్యపుస్తకమునుండి పుట్టదు. బడి నడచు తీరునుండి పుట్టును. పిల్లల ప్రాణమునకును మానమునకును రక్షణ లేని బడిలో సత్యము, దయ, ధైర్యము అని గోడలమీద ఎన్ని సూక్తులు వ్రాసినను అవి సున్నపు గీతలే. ఆ రక్షణ ఒక్క ఉపాధ్యాయుని వలన గాని, ఒక్క ప్రభుత్వ శాఖ వలన గాని సమకూరదు. ఊరిలోని సంస్థలన్నియు చేయి కలుపవలెను. చేయి కలుపునప్పుడు ఎవరి పని ఏదియో కాగితముమీద వ్రాసికొననిచో ఆ కలయిక ఒకనాటి ఊరేగింపుగా ముగియును.

2004 జూలై 16వ తేదీన తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండుచోట నిప్పు రాజుకొని పూరికప్పునకు ప్రాకెను. 94 మంది పసిపిల్లలు మరణించిరి. ఆ పూరికప్పు ఆ ఉదయమున వేసినది కాదు. దాని క్రింద ప్రతిదినమును తరగతులు జరుగుచునే యుండెను. యాజమాన్యమువారు దానిని చూచిరి. పిల్లలను దిగబెట్టుటకు వచ్చిన తల్లిదండ్రులు చూచిరి. ఆ దారిని పోవువారెల్లరును చూచిరి. చూచినవారు అనేకులు, ఆపినవారు లేరు. విచారణ న్యాయస్థానము తీర్పు 2014 జూలైలో వెలువడినది. అనగా పది సంవత్సరములు పట్టినది. ఆనాడు బ్రదికి బయటపడిన పిల్లలు తీర్పు నాటికి పెద్దవారైరి. న్యాయవాదిగా నేను చట్టమును గౌరవింతును. కాని చట్టము నేరస్థుని వెదకగలదే గాని పోయిన పిల్లవానిని తిరిగి తేజాలదు. బడి విషయమున చట్టమునకంటె ముందు మేలుకొనవలసినది ఊరు.

సరిగా తొమ్మిది సంవత్సరములకు, అదే జూలై 16వ తేదీన, 2013లో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామమున ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో పురుగుమందు కలిసినదని పరీక్షలలో తేలినది. నూనె తీరు బాగుగా లేదని వంటమనిషి సందేహము చెప్పెననియు, ఆ మాటను లెక్కచేయలేదనియు ఆనాటి వార్తాపత్రికలు వ్రాసినవి. సోదరులారా! ఈ యొక్క విషయమును మీరు మనస్సున నిలుపుకొనవలెనని నా ప్రార్థన. వంట చేయు పేదరాలి మాటకు బడిలో విలువ యుండినచో ఏమి జరిగియుండెడిదో ఊహింపుడు. పాత్రను పారబోయించు ధైర్యము పెద్దలకుండినచో, మేము తినము అని చెప్పు ధైర్యము పిల్లలకుండినచో ఆ యిండ్లలో నేడు పిల్లలు ఉండెడివారు.

దీనిని వంటశాల సంగతి యని త్రోసివేయరాదు. భద్రత వేరు, శీలము వేరు అని మనము తలచుచున్నాము. భద్రతకు ఇంజినీరును, శీలమునకు ఉపన్యాసకుని పిలుచుచున్నాము. గండామన్ బడిలో లోపించినది ఏది? నూనెడబ్బాను పురుగుమందునకు దూరముగా నుంచు జాగ్రత్త లోపించినది, అది భద్రత. సందేహము చెప్పినవారి మాటను చెవిని బెట్టు వినయము లోపించినది, అది శీలము. ఆ రెండును ఒకే పాత్రలో ఉడికినవి. తన తప్పును తాను చూడగల పెద్దలు, కనబడిన ప్రమాదమును భయము లేక చెప్పగల పిల్లలు ఉన్న బడియే భద్రమైన బడి. అట్టి పెద్దలను పిల్లలను తయారు చేయుటకే శీలబోధ యని పేరు.

మన చట్టము ఈ సత్యమును గ్రహించినది. కుంభకోణ దుర్ఘటనను పురస్కరించుకొని దాఖలైన అవినాశ్ మెహ్రోత్రా వ్యాజ్యమున 2009 ఏప్రిల్ 13వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, విద్యాహక్కు అనగా భద్రమైన పాఠశాలలో చదువుకొను హక్కు కూడ నని నిర్ణయించినది. బడులలో నిప్పునార్పు సాధనములు ఉండవలెననియు, ఉపాధ్యాయులకును సిబ్బందికిని వాని వాడుకలో శిక్షణ ఈయవలెననియు ఆదేశించినది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రతకు మార్గదర్శకములు ప్రకటించినది. 2021లో కేంద్ర విద్యాశాఖ ఏ లోపమునకు ఎవరు బాధ్యులో నిర్ణయించు మార్గదర్శకములను వెలువరించినది. ఉత్తరువులకు కొరత లేదు. ఇసుక బక్కెటలో ఇసుక యున్నదా, అది చీపుళ్లు దాచు చోటుగా మారినదా యని పోయి చూచువారే కొరత.

విద్యాహక్కు చట్టము 2009లో వచ్చినది. 2010 ఏప్రిల్ 1 మొదలు అమలు జరుగుచున్నది. దానిలో 29వ విభాగమును చదివిన వారు తక్కువ. పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణముగా నుండవలెననియు, పిల్లవానిని భయమునుండి, బెదురునుండి, ఆందోళననుండి విముక్తుని చేయవలెననియు, తన అభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పుటకు తోడ్పడవలెననియు అందు గలదు. శీలబోధకు ఇంతకంటె చక్కని నిర్వచనము నాకు కనబడలేదు. భయపడు పిల్లవాడు విధేయుడుగా కనబడును; కాని వానిది శీలము కాదు. బెత్తము కనబడునంతసేపు నిజము చెప్పి, అది కనుమరుగైన పిమ్మట బొంకు నేర్చుకొనును. పట్టుబడనంతవరకు తప్పు లేదని నమ్మును. అట్టి పిల్లవాడు పెరిగి ఉద్యోగియైనను, వర్తకుడైనను, నా వంటి న్యాయవాదియైనను దేశమునకు చేయునది మీ రెరుగుదురు.

నీతిని పుస్తకముద్వారా నేర్పవలెనన్న యత్నము మనదేశమున కొత్తది కాదు. 1882 నాటి హంటరు విద్యాసంఘము కళాశాలలకు ఒక నీతి పాఠ్యపుస్తకము తయారు చేయవలెననియు, మనుష్యుని ధర్మములను పౌరుని ధర్మములను గూర్చి ఉపన్యాసము లిప్పింపవలెననియు సిఫారసు చేసినది. ఆ సంఘ సభ్యుడును న్యాయశాస్త్ర కోవిదుడును నగు కాశీనాథ త్రియంబక తెలాంగుగారు దానితో ఏకీభవింపక భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఆనాటి ప్రభుత్వము ఆ పుస్తకపు ఆలోచనను అంగీకరింపలేదు. స్వాతంత్ర్యానంతరము శ్రీప్రకాశగారి కమిటీ 1960లో నైతిక విద్యను గూర్చి నివేదిక సమర్పించినది. పుస్తకములు వచ్చినవి, నీతిబోధ గంట వచ్చినది, పరీక్షలు సమీపింపగా ఆ గంటను లెక్కల మాష్టారు పుచ్చుకొనిరి. నీతిపుస్తకమును నేను నిందింపను. కథలు వినని బాల్యము ఎండిన చెరువు. కాని హరిశ్చంద్రుని పాఠము జరుగుచున్న తరగతిలోనే తనిఖీ అధికారికి దొంగహాజరు చూపినచో పిల్లలు ఏ పాఠమును గ్రహింతురు? వారు చెవులతో విన్నదానిని మరతురు. కన్నులతో చూచినదానిని మరువరు.

బెత్తమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లోనే బడులలో శరీరదండనమును నిషేధించినది. విద్యాహక్కు చట్టము 17వ విభాగము దేహశిక్షను, మానసిక వేధింపును కూడ నిషేధించినది. అయినను మాష్టారు కొట్టకుండ చదువు రాదు అను తల్లిదండ్రులు నేటికిని గలరు. మా రోజులలో కోదండము వేసిరి గావుననే ఇంతవారమైతిమి అని సభలలో చెప్పు పెద్దలును గలరు. దెబ్బలు తిని పెద్దవారైన వారు వచ్చి సభలలో చెప్పుచున్నారు. దెబ్బలకు భయపడి బడి మానివేసినవారు చెప్పుటకు సభకు రారు. ఆ లెక్క ఎవరును తీయలేదు. క్రమశిక్షణ అనగా తనను తాను అదుపులో నుంచుకొనుట. దానిని నేర్పవలసిన గురువే కోపమును అదుపులో నుంచుకొనలేక చేయి చేసికొనినచో పాఠము తలక్రిందులైనట్లే.

మరి శీలమును ఎట్లు నేర్పవలెను? చేయించి నేర్పవలెను. దీనికి మరియొక రాష్ట్రమున జరిగిన ఒక ప్రయత్నమును మీ ముందుంచెదను. 2010లో కేరళ ప్రభుత్వము 127 పాఠశాలలలో విద్యార్థి పోలీసు క్యాడెట్ల పథకమును ప్రారంభించినది. పోలీసుశాఖయు విద్యాశాఖయు కలిసి దానిని నడపుచుండగా రవాణా, అటవీ, ఎక్సైజు శాఖలును స్థానిక స్వపరిపాలన సంస్థలును తోడ్పడుచుండెను. ఉన్నత పాఠశాల పిల్లలకు కవాతు మాత్రమే గాక చట్టములను గూర్చిన జ్ఞానము, రోడ్డు భద్రత, అడవుల రక్షణ, మత్తుపదార్థముల నివారణ, ఆపదలో ఆదుకొను విధానము నేర్పిరి. 2018 జూలైలో కేంద్ర హోంశాఖ హర్యానాలోని గురుగ్రామమున ఈ పథకమును దేశమంతటికిని విస్తరించినది. ప్రభుత్వ పాఠశాలలలో 8, 9 తరగతుల పిల్లలు దీనికి పాత్రులు. నేరనివారణ ఒక భాగము, విలువలు రెండవ భాగము. నిర్ణీత పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు, నెలకొక తరగతి మాత్రమే.

ఈ ప్రయత్నములో నేను మెచ్చుకొనునది ఖాకీ దుస్తులు కాదు. మొదటిది, శాఖలు తమ గోడలు దాటి ఒకచోట కూర్చుండుట. రెండవది, పిల్లవానికి ఒక పని నప్పగించుట. రోడ్డు దాటునప్పుడు చిన్నతరగతి పిల్లల చేయి పట్టుకొని నడిపించిన బాలునకు బాధ్యత యను మాటకు అర్థము చెప్ప నక్కరలేదు. మూడవది, పోలీసు స్టేషను అనగా భయపడు ఇంటి పిల్లవాడు అచటికి పోయి ఫిర్యాదు వ్రాయు విధము తెలిసికొనుట. నే నాక్షేపించునదియు ఒకటి కలదు. కవాతు చేయు నలువదిమంది బడికి అలంకారము కారాదు. తక్కిన నాలుగువందల మందికి ఏమి అందినదను ప్రశ్న ఎప్పుడును వేయుచుండవలెను. పిల్లవాని చేత ఈల పట్టించి తోటివానిమీద కావలి యుంచుట క్రమశిక్షణ కాదు. పోలీసువారు బడికి స్నేహితులుగా రావచ్చును గాని, ప్రతి అల్లరిపనికి వారిని పిలిచినచో బడి బడిగా మిగులదు. అల్లరిని దిద్దుట గురువు పని.

ఇక మన తెలుగునాట సంగతి. ఆంధ్రప్రదేశములో 2019 నవంబరులో ఒంగోలున ఆరంభమైన నాడు–నేడు పథకమున మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, ప్రహరీ మొదలగు పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించిరి. తెలంగాణములో 2022 మార్చిలో వనపర్తిలో మన ఊరు – మన బడి ప్రారంభమైనది. 2024లో మహిళా సంఘముల తోడ్పాటుతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశములోని ప్రభుత్వ పాఠశాలలలో ఒకేదినమున తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును సమావేశములు జరిగినవి. ప్రభుత్వములు మారినవి, పథకముల పేర్లు మారినవి. అయినను అన్నిటిలోను ఒక్కటే సూత్రము కానవచ్చుచున్నది. బడిని బడివారే కాపాడలేరు, తల్లిదండ్రులు లోపలికి రావలెను. ఇది శుభసూచకము. కాని పండుగనాడు వచ్చి ముగ్గులు చూచి, భోజనము చేసి పోయినంత మాత్రమున కమిటీ పని కాదు. బడిలో పండుగలేని దినములే ఎక్కువ.

విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసము ముప్పాతిక వంతు సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగముమంది స్త్రీలు ఉండవలెను. బడి పనితీరును పరిశీలించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన ధనము ఎట్లు వ్యయమైనదో చూచుట దాని విధులు. ఇంత అధికారము చట్టము కూలివాని చేతిలో పెట్టినది. ఆచరణలో జరుగుచున్నదేమి? అనేకచోట్ల సభ్యురాలి యింటికి పుస్తకము పంపి వ్రేలిముద్ర వేయించుకొని వచ్చుచున్నారు. చట్టమిచ్చిన హక్కును మనము వ్రేలిముద్రగా మార్చితిమి. ఊరిలోని సంస్థలు బడికి చేయదగిన మొదటి మేలు కుర్చీలు, గడియారములు దానము చేయుట కాదు. ఆ తల్లి సమావేశమునకు వచ్చి, కుర్చీలో కూర్చుండి, ఈ డబ్బు దేనికి వాడితిరి అని అడుగగలుగునట్లు తోడుండుట.

అందరి పని ఎవరి పనియు కాదు అని మన పెద్దలు చెప్పుదురు. సంస్థలు చేయి కలుపుటలో గల పెద్ద ప్రమాదము ఇదియే. 2014 జూలై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైలు గేటులో బడిపిల్లల బస్సును రైలు ఢీకొనగా పిల్లలు మరణించిన సంగతి మీ రెవరును మరచియుండరు. గేటు రైల్వేది, దారి ప్రభుత్వముది, బస్సు బడిది, పిల్లలు మనవారు. బాధ్యత పలువురి మధ్య చీలిపోయినచోట ప్రమాదము కాచుకొని యుండును. దేశమున బ్రాడ్‌గేజి మార్గములలోని కాపలాలేని గేట్లు 2019 నాటికి తొలగింపబడినవి. అనగా చేయదలచినచో చేయదగిన పనియే యని స్పష్టమగుచున్నది. మన పట్టణములోను బడిముందు రోడ్డు, బడి వెనుక కాలువ, బడిమీద విద్యుత్తు తీగె ఒక్కొక్కటి ఒక్కొక్క శాఖది. పిల్లవాడు మాత్రము ఒక్కడే.

బడిలోనికి వచ్చు సంస్థలు గుమ్మము బయట విడువవలసినవి కొన్ని గలవు. మొదటిది తమ మతము, తమ పార్టీ. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు బడిలో మతబోధ చేయరాదని రాజ్యాంగము 28వ అధికరణము శాసించుచున్నది. సర్వమతముల సారమును తెలిసికొనుట వేరు, ఒక మతమును బోధించుట వేరు అని 2002లో అరుణా రాయ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు వివరించినది. శీలమను పేరుతో బలవంతముగా చేయించునదేదియు శీలము కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడువేళ గౌరవముతో నిలుచుండియు, తమ విశ్వాసమును బట్టి పాడనందున బడినుండి తొలగింపబడిరి. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు వారిని మరల చేర్చుకొనవలెనని తీర్పు చెప్పినది. భిన్నముగా నున్న తోటివానిని సహించుట ఆనాడు పిల్లలకు గాక పెద్దలకే పాఠమైనది.

రెండవది ప్రకటన. పది నోటుపుస్తకములిచ్చి ఇరువది ఫోటోలు తీయించుకొను దాతృత్వము మనకు కొత్త కాదు. పేదపిల్లవాని చేతిలో పుస్తకము పెట్టి, వాని ముఖమును వీధి బ్యానరుమీద అచ్చువేయుట వాని మానమునకు వెల కట్టుట. దానము చేయువాడు తన పేరు చెప్పకున్నను పుస్తకములోని అక్షరములు చెరగవు. మూడవది, సేవకులమని చెప్పుకొని వచ్చు ప్రతివానిని లోనికి విడువరాదు. వచ్చువారెవరో ముందుగా తెలిసికొనవలెను; పేరు, వేళ పుస్తకమున వ్రాయవలెను; ఎంతటి పెద్దమనిషియైనను పిల్లలతో ఒంటరిగా నుండరాదను నియమము పెట్టుకొనవలెను. నా వంటి స్వచ్ఛంద సేవకులకు ఈ నియమము అవమానముగా తోచరాదు. మంచివానికి దీనివలన నష్టము లేదు. చెడ్డవానికి దారి మూసికొనును.

సభలో చెప్పుటకు సంకోచము కలిగించు విషయము నొకటి చెప్పెదను. పిల్లలపై లైంగిక అత్యాచారములను నివారించు పోక్సో చట్టము 2012లో వచ్చినది. దాని 19వ విభాగము ప్రకారము, అట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరవలెను. తెలిసియు చెప్పకుండుట నేరము. సంస్థకు అధిపతియైన వారు తమ క్రింది ఉద్యోగి నేరమును దాచినచో ఏడాదివరకు కారాగారము గలదు. పిల్ల పేరును గాని, గుర్తుపట్టదగిన వివరమును గాని వెల్లడింపరాదనియు చట్టము చెప్పుచున్నది. కాని మన సమాజమున జరుగునది దీనికి వ్యతిరేకము. నేరమును దాతురు, పిల్ల పేరును వ్యాపింపజేయుదురు. బడి పరువు పోవునని పెద్దలు కూర్చుండి రాజీ చేయుదురు. బడి పరువనగా ఏమి? తన పిల్లను కాపాడలేని బడికి మిగులు పరువేది? పిల్ల చెప్పిన మాటను తొలుత నమ్ముట, వెంటనే తెలియజేయుట, పేరును కాపాడుట, ఈ మూడును ప్రతి ఉపాధ్యాయునకును తెలిసియుండవలెను. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య గలదు. అది ప్రతి తరగతి గోడమీద పిల్లల కన్నులెత్తున పెద్ద అంకెలతో ఉండవలెను.

ఇదంతయు ప్రభుత్వము చేయవలసినది గదా, మన మెందుకని కొందరు అడుగవచ్చును. నిజమే. ప్రభుత్వము చేయవలసినదే. మనము చేయి కలుపుట ప్రభుత్వమును బాధ్యతనుండి విడిపించుటకు కాదు; బాధ్యతను గుర్తుచేయుటకు. గోడ పగిలినచో చందా వేసి కట్టుట ఒక పద్ధతి. గోడ పగిలినదని వ్రాసి, సంతకములు చేయించి, అధికారికి పంపి, జవాబు వచ్చువరకు వెంబడించుట మరియొక పద్ధతి. రెండవదే పౌరుని పద్ధతి. ఉపాధ్యాయులకు ఇప్పటికే పని భారము ఎక్కువ యని మరికొందరు అందురు. అదియు నిజమే. కావుననే మనము పోయి వారికి ఇంకొక ఫారము నింపు పని కల్పింపరాదు. వారి చేతిలోని పనిలో కొంత మన చేతిలోనికి తీసికొనవలెను. ఉపాధ్యాయుని గౌరవింపని ఊరిలో పిల్లలు ఎవరిని గౌరవింపగలరు?

ఇక మన పట్టణమున చేయదగిన పనులను చెప్పెదను. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీ ముందుండవలెను; తక్కినవా రందరును దానికి తోడు. తాళపుచెవి వారిదే. నెలకొకసారి ఇద్దరు తల్లులు, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు పిల్లలు బడి చుట్టును నడచి పైకప్పు, తీగెలు, నీటితొట్టి, మరుగుదొడ్డి, వంటశాల చూచి ఒక పుస్తకమున వ్రాయుదురుగాక. పిల్లలకు తెలిసినంతగా బడిలోని పగుళ్లు పెద్దలకు తెలియవు. భోజనమును వడ్డింపకముందు పెద్దలు రుచి చూడవలెనను నియమము గలదు. మహిళా సంఘములు వారమునకొకరు వంతుగా ఆ పని చేపట్టవచ్చును. అగ్నిమాపక శాఖవారు ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు వారోత్సవము జరుపుదురు. ఆ వారమున ఒకసారి, బడి తెరచిన తరువాత మరియొకసారి పిల్లలను బయటికి నడిపించు అభ్యాసము చేయింపవలెను. పురపాలక సంఘము నీటికిని పారిశుద్ధ్యమునకును, ట్రాఫిక్ పోలీసులు ఉదయము సాయంకాలము బడిముందు దారికిని జవాబుదారులు. ఆరోగ్య కేంద్రమువారు పిల్లల చూపును, రక్తహీనతను పరీక్షింపవలెను. మా న్యాయవాదుల సంఘము ఏటికి రెండు పర్యాయములు ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును చట్టములను వివరింపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద పిల్లలకు ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. దానిని వారి ద్వారమునకు చేర్చు భారము మాది. ప్రతి పనికి ఎదుట ఒక పదవి పేరు, ఒక తేదీ వ్రాసియుండవలెను. తేదీ లేని వాగ్దానము న్యాయస్థానమున నిలువదు, బడిలోను నిలువదు.

పఠన మందిరమునకు పనిలేదని తలపకుడు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైన నాటినుండి మన తెలుగునాట గ్రంథాలయము పుస్తకముల గదిగా మాత్రమే యుండలేదు. ఊరు కూడి ఆలోచించు చావడిగా నుండెను. బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనులను నేర్పినది. ప్రజల చందాలతో నడచినది. పదిమంది కూడి బడిని నిలుపుట మనకు పరాయి విద్య కాదు. మీ మందిరము సాయంకాలము రెండు గంటలు పిల్లలకు విడువుడు. పెద్దతరగతి పిల్లలు చిన్నవారికి కథలు చదివి వినిపింతురుగాక. చదివి వినిపించు బాలునకు ఓర్పు అలవడును. వినువానికి చదువుమీద ప్రీతి కలుగును. చీకటిపడినవేళ వారు ఇండ్లకు చేరువరకు వీధిదీపము వెలుగుచున్నదా యని మీలో ఒకరు చూడుడు. ఇదియు శీలబోధయే.

అధ్యక్షా! నా ఉపన్యాసమును ఒక తీర్మానముతో ముగింపదలచితిని. ఈ సభ పక్షమున ఐదుగురు సభ్యులు ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీని కలిసికొని, వారి యనుమతితో పైన చెప్పిన సంస్థలను ఒకచోటికి పిలిచి, ఎవరి పని ఏదియో ఒక పుటలో వ్రాయించి, ఆ పుటను బడి గుమ్మమునను ఈ మందిర గుమ్మమునను అంటింపవలెను. జూన్ మాసమున బడులు తెరచు నాటికి మొదటి తనిఖీ ముగియవలెను. మూడు మాసముల కొకసారి, ఏది జరిగినది, ఏది జరుగలేదు అని ఇదే చావడిలో బహిరంగముగా చదువవలెను. జరుగనిదానిని చదువునప్పుడు ఎవరి ముఖమును చూడ నక్కరలేదు, చదివినచో చాలును.

రాబోవు జూలై 16వ తేదీన కుంభకోణములోను గండామన్‌లోను కొన్ని యిండ్లలో దీపము వెలిగింతురు. ఆనాడు మనము సంతాప సభ చేయవద్దు. మన బడికి పోయి ఆ పుటను ఎదుట పెట్టుకొని, పైకప్పు మొదలు వంటశాల వరకు మరియొకసారి చూచి వత్తము. ఈ తీర్మానమును సభవా రామోదింపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.